చలికాలంలో డీజిల్ పికప్: గూళ్ల లోడు ఎక్కించే ముందు



కార్తీకం దాటి గూళ్లు దిగే రోజులివి. చంద్రికల మీంచి గూళ్లు తీసి, ఏరి, సంచుల్లో వదులుగా పోసి సాయంత్రం బండి ఎక్కిస్తాం. తెల్లారేసరికి హిందూపురమో రామనగరమో చేరాలి. గూడు లోపల ఉన్నది బతికున్న ప్యూపా. ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది, తేమ వదులుతుంది. దారిలో బండి ఒక పూట మొరాయిస్తే సంచుల్లో గూళ్లు చెమ్మగిల్లి మెత్తబడతాయి. రీలరు చెయ్యి పెట్టి చూడగానే రేటు దించేస్తాడు. నెల రోజుల మేత, కూలి, నిద్ర అంతా ఆ ఒక్క రాత్రి బండి మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ వారం పురుగు సంగతి పక్కనపెట్టి బండి సంగతి మాట్లాడుకుందాం.

ఇది రాస్తున్నది చెన్నై ఎన్నూరు నుంచి. ఇక్కడ లారీల షెడ్డులో పని. ఎన్నూరు అంటే లేలాండ్ ఊరు. 1948లో అశోక్ మోటార్స్ పేరుతో పుట్టిన కంపెనీ మొదట్లో ఇక్కడ ఆస్టిన్ కార్లు బిగించేది. మన ఊళ్లల్లో గూళ్లు మోసే దోస్త్ బండి మాత్రం హోసూరులో తయారవుతుంది. అదే హోసూరులో కేంద్ర పట్టు మండలి వాళ్ల పట్టుపురుగు జాతులు భద్రపరిచే కేంద్రం కూడా ఉందని మీలో చాలామందికి తెలుసు. బండి దోస్త్ అయినా, బొలెరో అయినా, ఇంకోటైనా కింద చెప్పేవి అన్నిటికీ ఒకటే.

ముందు ఒక భయం తీసేద్దాం. యూట్యూబ్‌లో వీడియోలు చూసి 'చలికి డీజిల్ గడ్డకడుతుందట కదా' అని అడుగుతున్నారు. డీజిల్‌లో మైనం ఉంటుంది, బాగా చలి పడితే అది పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది, నిజమే. లడఖ్‌లో ఇది పెద్ద సమస్య. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది. మన దగ్గర ఆ బాధ లేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బంకుల్లో అమ్మే డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టరు దాటి పోవాలి. మదనపల్లె, పలమనేరు చలి మామూలుగా అంత కిందికి దిగదు. లంబసింగి, చింతపల్లి వైపు వాళ్లు మాత్రం కాస్త జాగ్రత్త పడాలి.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. అదే ప్రమాణంలో ఎండాకాలం డీజిల్‌కు ఆ హద్దు 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో జనరేటరు కోసమని డ్రమ్ములో పట్టి రేరింగ్ షెడ్డు వెనక పెట్టిన డీజిల్‌ను డిసెంబరులో తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో బండిలో పోస్తే ఫిల్టరు మూసుకుపోవచ్చు. తప్పకుండా మూసుకుంటుందని కాదు, చాలా డీజిల్ ఆ హద్దు కంటే మెరుగ్గానే ఉంటుంది. కానీ గూళ్ల లోడుతో ఆ పరీక్ష ఎందుకు? పాత డీజిల్ జనరేటరుకే మధ్యాహ్నం పూట వాడెయ్యండి. బండికి బంకు డీజిలే పట్టండి.

కొందరు డ్రైవర్లు చలికాలం కిరోసిన్ కలుపుతారు. పాత బండ్లకు నడిచింది. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో పంపుకు, ఇంజెక్టర్లకు జిగురు ఇచ్చేది డీజిలే. కిరోసిన్ పడితే అవి రాసుకుని పోతాయి. ఒక ఇంజెక్టర్ పోతే వచ్చే బిల్లు ఎంతో పడ్డవాళ్లనే అడగండి.

చలికాలంలో మన బండ్లను ఎక్కువగా ఆపేది మైనం కాదు, నీళ్లు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి కిందికి దిగుతుంది. డ్రమ్ములు, క్యాన్ల నుంచి వచ్చే నీళ్లు దీనికి తోడు. అందుకే డీజిల్ పొద్దున కాకుండా సాయంత్రం బండి నిలిపే ముందు పట్టించండి. ఫిల్టరు అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. ఇంజను ఆపి, కింద గాజు సీసా పెట్టి దాన్ని కాస్త వదులు చెయ్యండి. మొదట నీళ్లు, మడ్డి వస్తాయి. శుభ్రమైన డీజిల్ రాగానే బిగించి, చేతి పంపు కొట్టి గాలి తీసెయ్యండి. పది నిమిషాల పని. లోడుకు ముందు రోజు చెయ్యండి, లోడెక్కాక కాదు. ఆ చేతులు సబ్బుతో కడుక్కోకుండా మాత్రం గూళ్లను గానీ ఆకును గానీ ముట్టుకోవద్దు.

తర్వాత బ్యాటరీ. చలికి దాని బలం తగ్గుతుంది, ఇంజనాయిలు చిక్కబడుతుంది, రెండూ కలిసి తెల్లవారుజామున నాలుక్కి ఏడిపిస్తాయి. రాత్రంతా నిలిపిన బండికి మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. టెర్మినల్ మీద తెల్లగా పూసిన పొడిని వేడినీళ్లు, వంటసోడాతో కడగండి, విప్పేటప్పుడు నెగటివ్ ముందు. తాళం తిప్పగానే కాయిల్ గుర్తు వెలుగుతుంది, అది ఆరేదాకా ఆగండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి.

ఇంకో అలవాటు ఉంది మనవాళ్లకు. ఎండాకాలం ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేస్తారు. చలికాలం ఆ ఇంజను ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ తాగుతుంది, పొగ కక్కుతుంది. అసలు రోగం రేడియేటరులో ఉంటే మందు థర్మోస్టాట్‌కు వేసినట్టు. తిరిగి బిగించుకోండి. నీళ్లకు బదులు కూలెంటు పోయండి, మన దగ్గర గడ్డకట్టకుండా కాదు, తుప్పు పట్టకుండా.

పొగమంచు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఇక్కడ పోయేది రేటు కాదు, ప్రాణం. పెనుకొండ దగ్గర హైవే మీద, పలమనేరు నుంచి దిగే మొగిలి ఘాటులో తెల్లవారుజామున ముందు బండి కనపడదు. హై బీమ్ వేస్తే వెలుతురు మంచుకు తగిలి మన కళ్లలోకే కొడుతుంది, డిమ్‌లోనే పోండి. అద్దం లోపల చెమ్మ పట్టినప్పుడు గుడ్డతో తుడుస్తూ నడపొద్దు. బ్లోయరు అద్దం మీదికి తిప్పి, కిటికీ రెండు వేళ్లు దించండి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు దుమ్ము పట్టి ఉంటే బయల్దేరే ముందే తుడవండి. అస్సలు కనపడకపోతే రోడ్డు అంచున ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. బంకులోకో టోల్‌గేటు పక్క జాగాలోకో పూర్తిగా దిగి ఆపండి. ఆపినచోట టార్పాలిన్ పక్కలు ఎత్తి కట్టి గూళ్లకు గాలి తగలనివ్వండి, మంచు పడకుండా పైకప్పు మాత్రం ఉంచండి. వేలం ఒక పూట తప్పినా మర్నాడు వేలం ఉంటుంది.

ఇక ఎన్నూరు చలికాలం. ఇక్కడ చలి పేరుకే, వచ్చేది ఈశాన్య రుతుపవనాల వాన. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నై మునిగినప్పుడు, మణలి వైపు నుంచి వరదనీళ్లతో పాటు వచ్చిన నూనె తెట్టు ఎన్నూరు పాయలో పేరుకుంది. ఇది సముద్రం ఒడ్డు వాళ్ల గొడవ అనుకోవద్దు. 2021 నవంబరులో చిత్తూరు, కడప, అనంతపురం జిల్లాల్లో వాగులు పొంగి రోడ్లు కొట్టుకుపోవడం మీరంతా చూశారు. నీళ్లు సగం చక్రం దాటితే బండి దించకండి. నడి నీళ్లలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, ఎవరు చెప్పినా సరే. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సిలిండరులో నీళ్లుండగా ఇంజను తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజను మొత్తం విప్పాల్సిందే. తాడు కట్టి బయటికి లాగించండి. గూళ్లు ఇంకో బండిలోకి మార్చండి, బాడుగ పోతే పోయింది. అలా మార్చే బండి నిన్న పురుగుమందో పొగాకో మోసిందేమో అడిగి తెలుసుకోండి. గూళ్లకు పెద్దగా ఏం కాకపోవచ్చు గానీ, అదే సంచులు, అదే బండి మళ్లీ చాకీ పురుగు తేవడానికి వాడితే మొత్తం పంట పోతుంది.

నీళ్లు దాటొచ్చిన బండికి బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరనివ్వండి. మర్నాడు గేరుబాక్సు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, తదుపరి లోడుకు ముందే మార్పించండి.