ఓక్ పీపాలో పరిణతి పొందిన అమెరికన్ క్రాఫ్ట్ రమ్: రుచి పరీక్ష – గుణనిర్ణయం

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాల చిన్న స్వేదనశాలల్లో తయారై, ఓక్ పీపాలో పరిణతి పొందిన రమ్‌ను రుచి చూసి విలువ కట్టే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. రంగు, వయస్సు, పేరు అనే మూడు ఆనవాళ్లూ నాణ్యతకు ప్రమాణాలు కాలేవనీ, చెరకు ఇచ్చిన గుణమేదో, కర్ర ఇచ్చిన గుణమేదో, తర్వాత కలిపినదేదో వేరుచేసి చూడటమే పరీక్షకుని ప్రధాన కర్తవ్యమనీ ఇందులో నిరూపించడమైంది.

కీలకపదాలు: రమ్, మొలాసిస్, స్వేదనం, ఓక్ పీపా, ఎస్టర్లు, టానిన్లు, వగరు, రుచి పరీక్ష.

1. ఉపోద్ఘాతం:
చెరకు రసం నుండి గాని, చక్కెర తీయగా మిగిలే నల్లని చిక్కటి పాకమైన మొలాసిస్ నుండి గాని పులియబెట్టి, స్వేదనం చేసిన మద్యం రమ్. స్వేదనపాత్ర నుండి వెలువడినప్పుడు దానికి రంగు ఉండదు, తీపి కూడా ఉండదు. చక్కెర ఆవిరి కాదు కనుక ఆవిరిని చల్లార్చగా వచ్చిన ద్రవంలో అది ఉండే అవకాశమే లేదు. అయినప్పటికీ రమ్ అనగానే ముదురు గోధుమ రంగు, తియ్యదనం చాలామందికి స్ఫురిస్తాయి. ఈ రెండూ ఎక్కడి నుండి వచ్చాయన్న ప్రశ్నే గుణనిర్ణయానికి ఆరంభం.

2. చారిత్రక నేపథ్యం:
అమెరికాలో రమ్ తయారీ కొత్తది కాదు. వలస పాలన కాలంలో బోస్టన్, మెడ్‌ఫర్డ్, న్యూపోర్ట్ పట్టణాలు రమ్ తయారీకి కేంద్రాలు. కరీబియన్ దీవుల నుండి వచ్చే మొలాసిస్ వాటికి ముడిసరుకు. బ్రిటిష్ ప్రభుత్వం 1733లో చేసిన మొలాసిస్ చట్టం, 1764లో చేసిన చక్కెర చట్టం వలసవాసుల అసంతృప్తికి కారణమైన వాటిలో ముఖ్యమైనవి. ఈ వాణిజ్యానికి చీకటి కోణం కూడా ఉంది. రోడ్ ఐలండ్ ఓడలు రమ్‌ను ఆఫ్రికా తీరానికి తీసుకుపోయి, దానికి బదులుగా మనుషులను కొని, బానిసలుగా తరలించాయి. ఆ ఓడలు తరలించిన వారి సంఖ్య లక్షకు పైమాటే. నేటి సీసాలపై కనిపించే ‘వలసకాలపు సంప్రదాయం’ అనే మాటను ఈ చరిత్రతో కలిపే చదవవలసి ఉంటుంది.

కాలక్రమంలో ధాన్యంతో చేసే విస్కీ రమ్ స్థానాన్ని ఆక్రమించింది. 1920 నుండి 1933 వరకు అమలైన మద్యనిషేధం మిగిలిన స్వేదనశాలలను దెబ్బతీసింది. ఇరవయ్యో శతాబ్దం చివర చిన్న స్వేదనశాలలతో రమ్ మళ్లీ తలెత్తింది. టెనెస్సీలో 1997లో మొదలైన ప్రిచర్డ్స్, మసాచుసెట్స్‌లోని ఇప్స్‌విచ్‌లో 2011లో స్థాపితమైన ప్రైవేటీర్ ఈ పునరుద్ధరణకు ఉదాహరణలు.

3. చట్టం చెప్పేది – చెప్పనిది:
అమెరికా సమాఖ్య నిబంధనల ప్రకారం రమ్ చెరకు సంబంధిత పదార్థాల నుండే తయారుకావాలి. స్వేదనంలో ఆల్కహాలు 95 శాతానికి లోపు ఉండాలి. సీసాలో నింపేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. పీపాలో ఇంతకాలం ఉంచాలనే నియమం లేదు. నాలుగేళ్లలోపు విస్కీకి వయస్సు ప్రకటించడం తప్పనిసరి కాగా, రమ్‌కు అది ఐచ్ఛికం. ప్రకటిస్తే మాత్రం, మిశ్రమంలోని అతి చిన్న రమ్ వయస్సునే చెప్పాలి. రంగు, రుచి కోసం కొన్ని పదార్థాలను ఘనపరిమాణంలో 2.5 శాతం మించకుండా కలపడానికి అనుమతి ఉంది. ‘క్రాఫ్ట్’ అనే మాటకు లేబుల్ నిబంధనల్లో నిర్వచనం లేదు.

అంటే, ఆరు నెలలు పీపాలో ఉంచి రంగు కలిపిన రమ్, ఆరేళ్లు ఓపికగా దాచిన రమ్ పక్కపక్కనే ఒకే రంగులో కనిపించవచ్చు. రెండూ చట్టబద్ధమే. చట్టం వదిలిన ఈ ఖాళీని పూరించే బాధ్యత పరీక్షకుని నాలుకపైన, ముక్కుపైన పడుతోంది.

4. పీపాలో జరిగే మార్పులు:
పీపాల తయారీకి వాడేది ప్రధానంగా అమెరికన్ తెల్ల ఓక్. బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పరిణతి చెందించాలన్న నియమం వల్ల, ఒకసారి వాడిన పీపాలు విరివిగా లభిస్తాయి. రమ్ తయారీదారులు వాటిని కొంటారు. కొందరు కొత్త పీపాలనే వాడతారు. కొత్త పీపా నుండి కర్ర గుణం అధికంగానూ, పాత పీపా నుండి మితంగానూ దిగుతుంది.

పీపాలో మూడు క్రియలు సాగుతాయి. మొదటిది గ్రహణం. కర్రలోని లిగ్నిన్ వేడికి విచ్ఛిన్నమై వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌ను ఇస్తుంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరి వాసనను, యూజినాల్ లవంగపు వాసనను, టానిన్లు వగరును ఇస్తాయి. రెండవది తొలగింపు. కాలిన పొరలోని బొగ్గు ఘాటైన గంధక సమ్మేళనాలను పీల్చుకుంటుంది. మూడవది పరివర్తన. కర్ర రంధ్రాల గుండా చేరే గాలితో ఆక్సీకరణం, ఆమ్లాలు ఆల్కహాలుతో కలియడం వల్ల ఎస్టర్ల ఉత్పత్తి నిదానంగా జరుగుతాయి.

వీటిలో గ్రహణాన్ని వేగిరపరచవచ్చు గాని, పరివర్తనకు కాలమే కావాలి. 53 గ్యాలన్ల సాధారణ పీపాతో పోలిస్తే 5 గ్యాలన్ల చిన్న పీపాలో ప్రతి లీటరు ద్రవానికి తగిలే కర్ర వైశాల్యం రెండు రెట్లకు పైగా ఉంటుంది. కొన్ని నెలల్లోనే రంగు, వెనిలా, వగరు దిగుతాయి. కాని మద్యంలోని పచ్చిదనం అలాగే మిగులుతుంది. వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. లూసియానా వేడిలో నాలుగేళ్లు, మసాచుసెట్స్ చలిలో నాలుగేళ్లు సమానం కావు. కాబట్టి వయస్సు అంకె ఒక సమాచారమే తప్ప తీర్పు కాదు.

5. పరీక్షా విధానం:
5.1 సిద్ధత: మూతి సన్నగా, అడుగు వెడల్పుగా ఉన్న గాజు గ్లాసులో 15 నుండి 20 మిల్లీలీటర్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. సీసా పేరు, ధర, వయస్సు తెలియకుండా పరీక్షించడం ఉత్తమం. అదే స్వేదనశాలకు చెందిన, పీపాలో ఉంచని తెల్ల రమ్ దొరికితే పక్కన పెట్టుకోవాలి. కర్ర చేర్చినదేమిటో ఆ పోలికలోనే స్పష్టపడుతుంది.

5.2 వాసన: గ్లాసును ముక్కుకు దూరంగా పట్టి, నోరు కొద్దిగా తెరచి, మెల్లగా దగ్గరకు తేవాలి. ఒక్కసారిగా పీలిస్తే ఆల్కహాలు ఘాటుకు ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. ముందుగా చెరకు జాడ వెదకాలి. ముదురు బెల్లపు పాకం, మిగలపండిన అరటి, అనాస వంటి వాసనలు మొలాసిస్ నుండి, కిణ్వనం నుండి వచ్చేవి. వెనిలా, కొబ్బరి, లవంగం, పొగ కర్ర నుండి వచ్చేవి. రంపపు పొట్టు వాసన ముందుకొస్తే పీపా తొందరపడిందని గ్రహించాలి.

5.3 రుచి: మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే. రెండవ గుక్కతోనే నిర్ణయం చేయాలి. ద్రవాన్ని నోరంతా తిప్పి, ఉమ్మివేసినా మింగినా, తర్వాత ముక్కు ద్వారా గాలి వదలాలి. గొంతు వెనుక నుండి ముక్కుకు చేరే వాసనే ‘రుచి’గా భావించే దానిలో అధిక భాగం.

ఇక్కడ తెలుగు రుచి పదజాలం ఎంతో ఉపకరిస్తుంది. షడ్రసాల్లో కషాయం, అంటే వగరు, చేదు నుండి వేరైన రసం. కరక్కాయ కొరికినప్పుడు నాలుక పట్టేసినట్లుండే గుణానికి, ఓక్ కర్ర వగరుకు మూలం ఒకే తరగతి టానిన్లు. మితమైన వగరు రమ్‌కు నడుము వంటిది. మితిమీరితే చెరకు గుణాన్ని అణచివేస్తుంది.

5.4 నీరు: కొన్ని చుక్కల నీరు చేర్చి మళ్లీ పరీక్షించాలి. ఘాటు తగ్గగా దాగిన వాసనలు బయటపడతాయి. మంచి రమ్ నీటితో విచ్చుకుంటుంది. కర్ర, మద్యం కలిసిపోని రమ్ నీటితో రెండుగా విడిపోయినట్లు తోస్తుంది.

5.5 తీపి: వెనిలా వాసన తియ్యదనాన్ని స్ఫురింపజేస్తుంది. ముక్కుకు తియ్యగా, నాలుకకు పొడిగా ఉండటం కలపని రమ్ లక్షణం. పెదవులకు అంటుకునే తీపి ఉంటే, చుక్కను అరచేతిలో రుద్ది ఆరనివ్వాలి. జిగురు మిగిలితే చక్కెర కలిపారని అనుమానించవచ్చు. హైడ్రోమీటరుతో దీనిని మరింత నిర్దిష్టంగా చూడవచ్చు. లీటరుకు 10 గ్రాముల చక్కెర ఉంటే, 40 శాతం ఆల్కహాలు గల రమ్ ఆ పరికరంలో సుమారు రెండున్నర అంకెలు తక్కువగా చూపుతుంది. పీపా నుండి దిగిన పదార్థాలు కూడా స్వల్పంగా తేడా చూపుతాయి గనుక చిన్న వ్యత్యాసాలను పట్టించుకోనవసరం లేదు.

6. గుణదోష నిర్ణయం:
పై పరిశీలనలను మూడు ప్రశ్నలుగా క్రోడీకరించవచ్చు. కర్ర వెనుక చెరకు ఇంకా వినిపిస్తున్నదా? మద్యం, కర్ర ఒకటిగా కలిశాయా, లేక ముందు ఘాటు, వెనుక వగరు మాత్రమే ఉండి నడిమిభాగం బోలుగా ఉన్నదా? తియ్యదనం తయారీలో సహజంగా పుట్టిన భావనా, తర్వాత చేర్చినదా? మొదటి ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు వస్తే, ఆ రమ్ ఎంత సుగంధభరితమైనా అది విస్కీకి అనుకరణగానే మిగులుతుంది. చక్కెర కలపడం దానంతటదే దోషం కాదు. చిన్న వయస్సులోని లోపాన్ని కప్పిపుచ్చడానికి కలిపితే అది దోషం.

చిన్న స్వేదనశాలకు ఏళ్ల తరబడి సరుకు దాచుకునే స్తోమత అరుదు. పీపాలోని ద్రవం ఏటా కొంత ఆవిరైపోతుంది, పెట్టుబడి తిరిగిరాదు. ఆ ఒత్తిడిలో చిన్న పీపాను ఆశ్రయించడం అర్థం చేసుకోదగినదే. అయితే ఆ కష్టానికి సానుభూతి చూపడం వేరు, గ్లాసులో ఉన్నదానికి విలువ కట్టడం వేరు. తక్కువ వయస్సును దాచకుండా ప్రకటించి, చెరకు గుణాన్ని నిలుపుకున్న రెండేళ్ల రమ్‌ను, పొట్టు వాసనతో నిండిన ముదురు రమ్ కంటే ఉన్నతంగా నిర్ణయించడమే న్యాయం.

7. ముగింపు:
రంగు పీపా నుండి రావచ్చు, పాకం నుండీ రావచ్చు. వయస్సు అంకె కాలాన్ని చెబుతుంది గాని, ఆ కాలం ఎలా గడిచిందో చెప్పదు. పేరులోని ‘క్రాఫ్ట్’ ఏ హామీనీ ఇవ్వదు. ఖాళీ చేసిన గ్లాసును మరునాటి ఉదయం వాసన చూస్తే త్వరగా ఆవిరి కాని కర్ర సుగంధాలే ప్రధానంగా మిగిలి ఉంటాయి. వాటితోపాటు బెల్లపు పాకం ఛాయ కూడా నిలిచి ఉంటే, ఓక్ తన హద్దులో ఉండి చెరకుకు తోడ్పడిందని చెప్పవచ్చు. ఓక్ పీపాలో పరిణతి పొందిన రమ్‌కు అదే ఉత్తమ లక్షణం.