తీగ తెగినా మాట తెగదు

సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్ కబురు మోసిన హామ్ రేడియో

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం 6 గంటల 29 నిమిషాలు. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్లో దిగిన భారతి ప్రసాద్ బృందం కాళ్ల కింద నేల ఊగింది. సుమత్రా దగ్గర సముద్ర గర్భంలో పుట్టిన భూకంపం అది. కాసేపటికే సునామీ దీవుల మీద విరుచుకుపడింది. కరెంటు పోయింది. టెలిఫోన్లు చాలావరకు మూగబోయాయి.

మన శ్రీకాకుళం జిల్లాకు ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లే అందులో ఎక్కువ. కొడుకో, అల్లుడో అక్కడున్న ఇళ్లు మన తీర గ్రామాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఉదయం వాళ్లందరికీ కావలసింది ఒక్కటే: మనవాళ్లు బతికి ఉన్నారా, లేదా?

ఆ కబురు మోయడానికి ముందుకు వచ్చింది సరదా కోసం దీవులకు వెళ్లిన కొద్దిమంది రేడియో పిచ్చివాళ్లు! వాళ్లనే హామ్‌లు అంటారు.

ఎవరీ హామ్‌లు?

మన ఇంట్లో రేడియో వినడానికి మాత్రమే పనికొస్తుంది. హామ్ దగ్గర వినే యంత్రంతో పాటు మాట్లాడే యంత్రం కూడా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు పుచ్చుకుని, ముఖం కూడా చూడని వాళ్లతో స్నేహం చేస్తాడు. ఇందులో జీతం లేదు. వ్యాపారం మాట్లాడకూడదు.

ప్రతి హామ్‌కూ ప్రభుత్వం ఒక పిలుపు గుర్తు ఇస్తుంది. ఢిల్లీ నివాసి భారతి ప్రసాద్ గుర్తు ‘వి.యు.2 ఆర్.బి.ఐ’. గాలిలో అక్షరాలు తారుమారు కాకుండా దాన్ని ‘విక్టర్, యూనిఫాం, టూ, రోమియో, బ్రావో, ఇండియా’ అని పలుకుతారు. ప్రధానిగా పనిచేసిన రాజీవ్ గాంధీ కూడా హామే. ఆయన గుర్తు ‘వి.యు.2 ఆర్.జి’.

రెండు కొబ్బరి చెట్లు, ఒక తీగ

హామ్ ఇంటిని దూరం నుంచే పోల్చవచ్చు. డాబా మీద గొట్టాలు, చెట్ల మధ్య తీగలు కనిపిస్తాయి. హామ్‌లు బాగా వాడే 7 మెగాహెర్ట్జ్ ప్రసారానికి సుమారు 66 అడుగుల రాగి తీగ చాలు. దాన్ని మధ్యకు కోసి, రెండు కొబ్బరి చెట్ల నడుమ కట్టి, మధ్య నుంచి యంత్రానికి కేబులు దించుకుంటారు. యంత్రం మామూలుగా 100 వాట్లది, అంటే వెనకటి పెద్ద బల్బు ఒకటి వెలిగే శక్తి. కారు బ్యాటరీ మీద కూడా నడుస్తుంది.

అంత చిన్న శక్తితో మాట దేశాలు ఎలా దాటుతుంది? భూమికి వంద నుంచి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున, ఎండ తాకిడికి విద్యుత్తు నిండిన గాలి పొరలు ఉంటాయి. రేడియో తరంగం వాటిని తాకి కిందికి మళ్లుతుంది. నేలను తాకి మళ్లీ పైకి లేస్తుంది. చెరువు మీదుగా విసిరిన పెంకుముక్క ఎగిరెగిరి అవతలి గట్టు చేరినట్టు మాట కూడా అలా ఖండాలు దాటుతుంది. మధ్యలో టవరుతో పని లేదు.

కొత్తవారితో మాట కలిసిన ప్రతిసారీ ఇద్దరూ పోస్టు కార్డంత గుర్తింపు కార్డు పంపుకోవడం ఆనవాయితీ. వంద దేశాల కార్డులు కూడితే ఒక పట్టా దొరుకుతుంది. హామ్‌ల లెక్కలో మారుమూల దీవులు కూడా వేరే దేశాలే. అందుకే అలాంటి చోట్లకు మూటాముల్లె కట్టుకుని వెళ్లి, రాత్రింబవళ్లు మాట్లాడి వస్తారు. అండమాన్ నుంచి సుమారు 17 ఏళ్లుగా హామ్ గొంతు వినిపించలేదు. ఎంతో ప్రయత్నం మీద అనుమతి సంపాదించి భారతి ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అక్కడికి వెళ్లింది ఇందుకే.

సరదా సేవ అయిన వేళ

భూమి కంపించాక ఆ బృందం కార్డుల లెక్క పక్కన పెట్టింది. వెంటనే రేడియోను మళ్లీ సిద్ధం చేసుకుని ప్రధాన భూభాగంలోని హామ్‌లను పిలిచింది. దీవుల పరిస్థితి చెప్పడం, ఫలానావారు క్షేమమని బంధువులకు కబురు చేర్చడం వాళ్ల పని అయింది. అక్కడి నుంచి పేర్లు వస్తే, ఇక్కడి హామ్‌లు రాసుకుని ఆ ఇళ్లకు చేరవేశారు. వాయుసేన స్థావరమే తుడిచిపెట్టుకుపోయిన కార్ నికోబార్‌కు కూడా ఇద్దరు సభ్యులు రేడియోతో వెళ్లారు.

తిత్లీ నాడు మనకేదీ ఆ గొంతు?

2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుపాను మన జిల్లాలోనే పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. చేతిలో సెల్‌ఫోను ఉన్నా కరెంటు లేక చాలా ఊళ్లలో పలకలేదు. చెట్లు అడ్డంపడి దారులు మూసుకుపోయాయి. పక్క ఊళ్లో కూతురు ఎలా ఉందో తెలుసుకోవాలంటే నడిచి వెళ్లడమే గతి.

ఇప్పుడు ఇంటర్నెట్ ఉండగా పాతకాలపు రేడియో ఎందుకని కుర్రాళ్లు అడగవచ్చు. హామ్‌లు ఇంటర్నెట్‌ను కాదనలేదు. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి రూపొందించిన ఎఫ్.టి.8 పద్ధతి 2017లో వచ్చింది. చెవికి అందని బలహీన సంకేతాలను కూడా కంప్యూటరు దీంతో పట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఉన్న రేడియోను ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో వినవచ్చు. అయితే ఇంటర్నెట్ నిలిచేది టవరు మీద, కేబులు మీద. తుపాను ముందుగా పడగొట్టేది వాటినే. చెట్టు కూలితే హామ్ తీగ కూడా పడుతుంది, నిజమే. కాని దాన్ని మరో చెట్టుకు కట్టుకోవడానికి అరగంట చాలు.

నేర్చుకోవడం ఎలా?

12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. విద్యుత్తు, రేడియో గురించి ప్రాథమిక విషయాలు, ప్రసార నియమాలు తెలియాలి. 1983లో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ కేంద్రం హైదరాబాదే. విదేశీ యంత్రాల ఖరీదు భరించలేనివారి కోసం హైదరాబాద్ వాసి అష్హర్ ఫర్హాన్ ‘బిటెక్స్’ అనే రేడియోను రూపొందించారు. విదేశీ విడిభాగాలు ఇక్కడ దొరకవని, మొదటి నమూనాలో తీగ చుట్టడానికి నీళ్ల కుళాయి వాషర్లు వాడారు! ఆ రేడియోను ఇప్పుడు ఎన్నో దేశాల వాళ్లు కూర్చుకుంటున్నారు. హామ్‌ల కోసమే చేసిన 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహం కూడా 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది, 2014 వరకు పనిచేసింది.

తుపాను వచ్చాక నేర్చుకునే విద్య కాదిది. ముందే నేర్చుకుని, రోజూ సరదాగా వాడుతూ ఉంటేనే ఆపదలో చేతికి వస్తుంది. భారతి ప్రసాద్ బృందం ఆ ఉదయం చేసింది కూడా రోజూ చేసే పనే. తీరం వెంట ఉన్న ఒక్కో మండలంలో ఒక్క సైన్సు మాస్టారు, నలుగురు విద్యార్థులు పూనుకుంటే చాలు. మళ్లీ తుపాను వచ్చిన నాడు కూతురి క్షేమం కోసం ఏ తండ్రీ కూలిన చెట్లు దాటుకుంటూ నడవనక్కరలేదు.