జత లేని ఖైదీ

బరబ్బ పేరు నాలుగు సువార్తలలోనూ కనిపిస్తుంది. పస్కా పండుగనాడు ఒక ఖైదీని విడిచిపెట్టడానికి రోమన్ అధిపతి పిలాతు సిద్ధపడగా, జనసమూహం యేసును కాదని అతనిని కోరుకొన్నది. ఆపైన అతడేమైనాడో సువార్తలు చెప్పవు. స్వీడిష్ రచయిత పేర్ లాగర్‌క్విస్ట్ 1950లో ప్రచురించిన ‘బరబ్బాస్’ అనే చిన్న నవలకు ఆ మౌనమే పునాది. మరుసటి యేడే ఆయనను నోబెల్ బహుమతి వరించింది. ఆయన తండ్రి రైల్వే ఉద్యోగి అని చదివినప్పుడు మాకేదో చుట్టరికం తోచింది.

మతగ్రంథమనుకొని మేము ఈ పుస్తకాన్ని చాలాకాలం పక్కన పెట్టాము. ఆ అభిప్రాయం పొరపాటని మొదటి పుటలే తేల్చివేశాయి. తనకు బదులుగా మరొకడు శిలువపై మరణించడాన్ని బరబ్బ దూరాన నిలిచి చూస్తాడు. ఆ దృశ్యం అతనిని విడువదు. మరణించి లేచిన లాజరును కలిసి మృత్యులోకాన్ని గూర్చి అడుగుతాడు. అక్కడ ఏమీ లేదన్న జవాబు వస్తుంది. గ్రహణపు మొర్రి గల ఒక అభాగ్యురాలు తన విశ్వాసం కోసం రాళ్ళ దెబ్బలకు బలి అయితే, ఆమె దేహాన్ని మోసుకొనిపోయి పాతిపెడతాడు. అయినా నమ్మకం మాత్రం కుదరదు.

నవలకు ప్రాణం సైప్రస్ రాగి గనుల ఘట్టం. అక్కడ బరబ్బను, సహాక్ అనే బానిసను ఒకే గొలుసుతో బంధిస్తారు. బానిసల మెడలో ఒక లోహపు బిళ్ళ. ఒకప్పుడు గేటు వద్ద మన కార్మికులు చూపిన హాజరు బిళ్ళ మాకు జ్ఞప్తికి వచ్చింది. సహాక్ తన బిళ్ళ వెనుక క్రీస్తు నామాన్ని చెక్కించుకొన్నాడు. బరబ్బ కూడా చెక్కించుకొంటాడు. విషయం రోమన్ అధికారి వరకు పోతుంది. సహాక్ తన దైవాన్ని కాదనడు, శిలువకు పోతాడు. బరబ్బ తనకు దేవుడే లేడంటాడు. మరి ఆ పేరెందుకని అడిగితే, నమ్మాలని ఉన్నదంటాడు. అధికారి కత్తితో ఆ నామాన్ని గీకివేస్తాడు. బరబ్బ బ్రతుకుతాడు, రెండవసారి కూడా మరొకడు మరణించగా.

అతనిని పిరికివాడనడానికి మాకు నోరు రాలేదు. లేని నమ్మకాన్ని ఉన్నదని చెప్పలేకపోవడంలోనూ ఒక నిజాయితీ ఉన్నది. కాని సహాక్ ప్రాణం ముందు ఆ నిజాయితీ ఎంత తూగుతుంది?

1961లో ఆంథొనీ క్విన్ నాయకుడుగా ఈ కథ చలనచిత్రమైంది. శిలువ దృశ్యాన్ని ఆ యేడు ఫిబ్రవరి 15న ఇటలీలో సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో నిజంగానే చిత్రించారు. చూడదగినదే, అయినా పుస్తకంలోని నిశ్శబ్దం తెరకు ఎక్కలేదు.

చివరకు రోమ్ నగరం తగులబడినప్పుడు, అది క్రైస్తవుల పనేనని నమ్మి బరబ్బ తానూ కొరివి పట్టి పట్టుబడతాడు. ఖైదీలను ఇద్దరిద్దరిగా గొలుసులతో కట్టి శిలువలకు నడిపిస్తారు. లెక్క బేసి సంఖ్య కావడంతో అతడొక్కడే జత లేకుండా అందరికంటె వెనుక నడుస్తాడు. కడపట చీకటిలోకి చూస్తూ తన ఆత్మను అప్పగిస్తాడు. ఆ మాట దేవునితో అన్నాడో, ఆ చీకటితోనే అన్నాడో రచయిత తేల్చలేదు. దానిపై మాలో మాకు ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు.