కారు వెనుక రెక్క దేనికి?

టౌనుకు వెళ్ళినప్పుడు కొన్ని కార్ల డిక్కీ మీద అడ్డంగా ఒక చిన్న రెక్క బిగించి ఉండటం మీరు చూసే ఉంటారు. దాన్ని స్పాయిలర్ అంటారు. కంపెనీ పెట్టకపోయినా కొందరు షాపులో కొని పెట్టించుకుంటారు. అది అందానికేనా, పని కూడా చేస్తుందా? తెలుసుకుందాం.

ముందు ఒక చిన్న ప్రయోగం. గాలి బాగా వీచేటప్పుడు మీ పరీక్ష అట్టను పడుకోబెట్టి, గాలికి ఎదురుగా పట్టుకోండి. ముందు అంచు కాస్త పైకెత్తితే అట్ట పైకి లేస్తుంది. అదే అంచు కిందికి వంచితే అట్ట కిందికి నొక్కుకుపోతుంది. విమానం రెక్క పైకి లేపుతుంది. రేసు కారు రెక్క కిందికి నొక్కుతుంది.

కారు పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. బాగా స్పీడుగా పోయేటప్పుడు దాని మీద గాలి ఒత్తిడి తగ్గి, కారు కొంచెం తేలికవుతుంది. టైర్లకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. స్పాయిలర్ ఆ గాలి దారిని చెడగొట్టి పట్టు నిలుపుతుంది. ఇంగ్లీషులో స్పాయిల్ అంటే చెడగొట్టడమే కదా!

ఇది ఉత్త మాట కాదు. 1998లో ఆడి టీటీ అనే కారు వచ్చింది. జర్మనీ రోడ్ల మీద చాలా వేగంలో అది అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి. 1999-2000లో కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిపించి స్పాయిలర్ పెట్టింది. సస్పెన్షన్ కూడా మార్చింది.

మరి అందరూ పెట్టించుకోవచ్చా? ఇక్కడే లెక్క చూడాలి. వేగం 2 రెట్లయితే గాలి బలం 4 రెట్లు, వేగం 4 రెట్లయితే బలం 16 రెట్లు. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో 16 కిలోల బరువంత నొక్కే రెక్క, 40 కిలోమీటర్ల వేగంలో 1 కిలో అంతే నొక్కుతుంది. మన ఘాట్ రోడ్డు మలుపుల్లో అది చేసే సాయం ఏమీ లేనట్టే.

ఇంకో సంగతి. కావడిలో వెనుక కుండ బరువైతే ముందు కుండ పైకి లేస్తుంది. అలాగే వెనుక పెద్ద రెక్క ఒక్కటే పెడితే ముందు చక్రాలు తేలికవుతాయి. కారును తిప్పేది ముందు చక్రాలే!

గట్టిగా బిగించకపోతే మరీ ప్రమాదం. 1969లో బార్సిలోనాలో జరిగిన రేసులో గ్రాహం హిల్, యోకెన్ రింట్ నడిపిన రెండు లోటస్ కార్ల ఎత్తైన రెక్కలు విరిగిపోయాయి. రెండు కార్లూ ఒకే చోట గుద్దుకున్నాయి. రింట్ గాయపడ్డాడు. ఆ తర్వాతి రేసులోనే ఎత్తు రెక్కలను నిషేధించారు. అంత పెద్ద ఇంజనీర్లు బిగించినవే విరిగితే, గమ్ముతో అంటించిన రెక్క రోడ్డు మీద ఊడితే వెనుక వచ్చే మోటారు సైకిలువాడి గతి ఏమిటి?

కాబట్టి మిత్రులారా, రెక్క ఉన్న కారు ఎక్కినా డ్రైవరు నిదానంగా నడుపుతున్నాడా లేదా చూడండి. మలుపులో మనల్ని కాపాడేవి మంచి టైర్లు, మంచి బ్రేకులు, తగిన వేగమే.