కారు పందేలకు తగిన శిరస్త్రాణం

బిలాస్‌పూర్ రైల్వేతో పెరిగిన పట్టణం. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్-నాగపూర్ రైల్వే ఇక్కడికి వచ్చిన తరువాత ఉద్యోగాల నిమిత్తం వచ్చి స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నది. ఇటువంటి పట్టణాలలోని యువకులకు కారు పందెం ఈనాడు కేవలం పత్రికలలో చదివే విషయం కాదు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలోను పందెపు బాటలు ఉన్నాయి. ఈ రెండవ బాటకు ఆ పేరు ఎస్. కరివర్ధన్ స్మారకంగా వచ్చింది. కోయంబత్తూరులో మిల్లులు నడిపిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, మారుతి ఇంజనుతో చవకగా పందెపు కారు తయారుచేసి, మధ్యతరగతి యువకులకు ఈ క్రీడను అందుబాటులోకి తెచ్చాడు.

అయితే పందేనికి వెళ్లదలచిన యువకుడు మొదట కొనవలసిన వస్తువు దగ్గరే పొరపడే అవకాశం ఉన్నది. బిలాస్‌పూర్ సదర్ బజార్ కాని, మరే పట్టణపు బజారు కాని, హెల్మెట్ అడిగినవారికి చూపించేది మోటారు సైకిలు హెల్మెట్టే. అందులో దుకాణదారు తప్పేమీ లేదు. నూటికి తొంభైమందికి పైగా కావలసింది అదే. దానిపై ఐ.ఎస్.ఐ. ముద్ర, 4151 అనే భారత ప్రమాణ సంఖ్య ఉంటాయి. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను తయారుచేయడం, అమ్మడం చట్టరీత్యా నిషిద్ధం. ముద్ర కింద ఉండే లైసెన్సు సంఖ్య నిజమైనదో కాదో భారతీయ ప్రమాణాల సంస్థ వారి మొబైల్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. దొంగ ముద్రలు కూడా ఉంటాయి కనుక ఈ శ్రమ తీసుకొనడం మంచిది.

మరి అసలైన ముద్ర ఉన్న హెల్మెట్ కారు పందేనికి ఎందుకు చాలదు? రైల్వే కుటుంబాల వారికి ఈ సంగతి గేజి ఉదాహరణతో సులభంగా బోధపడుతుంది. 762 మిల్లీమీటర్ల చిన్న గేజికి చేసిన చక్రాల ఇరుసు ఎంత గట్టిదైనా 1676 మిల్లీమీటర్ల పెద్ద లైను మీద నడవదు. అది నాసిరకం కాదు, వేరే పనికి చేసినది.

ఏ హెల్మెట్‌లోనైనా ప్రాణం కాపాడే భాగం పైకి కనిపించే గట్టి చిప్ప ఒక్కటే కాదు. చిప్ప దెబ్బను విశాలంగా పరచి, మొనదేలిన వస్తువులను అడ్డుతుంది. దాని లోపల ఉండే తెల్లని పొర, మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థం వంటిది, దెబ్బకు నలిగిపోతుంది. అలా నలగడంలో తల ఒక్కసారిగా కాక కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగుతుంది. ఆగే దూరం పెరిగినకొద్దీ మెదడుపై పడే తాకిడి తగ్గుతుంది. నలిగిన పొర తిరిగి యథాస్థితికి రాదు. అందుచేత ఒక పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్ పైకి చెక్కు చెదరకుండా కనిపించినా, దాని పని అంతటితో ముగిసినట్లే. ఇతరులు వాడిన హెల్మెట్ కొనకూడదనడానికి కారణం ఇదే. దాని పూర్వచరిత్ర కంటికి కనపడదు.

ఇంతవరకు రెండు రకాలూ సమానం. తేడా ప్రమాదం జరిగే తీరులో ఉన్నది. మోటారు సైకిలు నుంచి పడినవాడు వాహనానికి దూరంగా రోడ్డు మీద పడతాడు. పందెపు కారులోని వాడు బెల్టులతో సీటుకు కట్టబడి ఉంటాడు. అతని తల చుట్టూ రక్షణ కోసం అమర్చిన ఉక్కు గొట్టాల చట్రం ఉంటుంది. కారు దొర్లినప్పుడు తల అదే గొట్టాలకు మళ్లీ మళ్లీ కొట్టుకొనవచ్చు. పెట్రోలు అంటుకొంటే వెంటనే బయటపడే అవకాశం ఉండదు. 1957లో అమెరికాలో ఏర్పడిన స్నెల్ స్మారక సంస్థ ఈ భేదాన్ని గుర్తించి వేరువేరు ప్రమాణాలు నిర్ణయించింది. పందెంలో తలకు దెబ్బ తగిలి 1956లో మరణించిన డ్రైవరు పీట్ స్నెల్ పేరు మీద ఏర్పడిన సంస్థ అది. వారి ఎం. గుర్తు మోటారు సైకిలుకు, కె. గుర్తు చిన్న కార్టు పందేలకు, ఎస్.ఎ. గుర్తు కారు పందేలకు. ఎస్.ఎ. హెల్మెట్‌ను ఉక్కు గొట్టం ఆకారంపై కొట్టి చూస్తారు. మంటలో పెట్టి, అది తానుగా ఆరిపోతున్నదో లేదో, లోపల వేడి ఎంత చేరుతున్నదో పరీక్షిస్తారు. ఎం., కె. రకాలకు ఈ అగ్నిపరీక్ష లేదు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య, అనగా ఎఫ్.ఐ.ఎ., నిర్ణయించిన 8859, 8860 ప్రమాణాలు కూడా కారు పందేలకు ఉద్దేశించినవే.

ముద్ర సరైనదైనా కొలత సరిపోకపోతే ప్రయోజనం లేదు. 1976 ఆగస్టు 1న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ బాటపై నికీ లౌడా కారు మంటలలో చిక్కుకొన్నప్పుడు అతని హెల్మెట్ తలనుంచి జారిపోయింది. ముఖం, తల తీవ్రంగా కాలాయి. ఆరు వారాలకే ఆయన తిరిగి పందేనికి వచ్చాడు గాని ఆ మచ్చలు జీవితాంతం మిగిలాయి.

కనుక కొనేముందు కనుబొమలకు కొంచెం పైగా, తల వెనుక ఎత్తైన భాగం మీదుగా టేపుతో కొలవాలి. తలకు పెట్టుకొన్నప్పుడు బుగ్గలు కొంచెం నొక్కుకొనాలి. హెల్మెట్‌ను పట్టి కదిపితే నుదుటి చర్మం కూడా దానితోపాటు కదలాలి. గడ్డం పట్టీ బిగించి, వెనుక అంచును పట్టుకొని ముందుకు లాగితే ఊడిరాకూడదు. మంటకు తట్టుకొనే గుడ్డ ముసుగు లోపల వేసుకొంటారు కనుక, దానితోనే పెట్టి చూడాలి. కొత్తదానిలో అరగంట కూర్చొన్న తరువాత నుదుట ఒకేచోట నొప్పి పుడితే, అది ఆ తల ఆకారానికి తగినది కాదన్నమాట. స్నేహితుడికి సరిపోయినంత మాత్రాన తనకు సరిపోతుందని అనుకొనరాదు. ఎదగడానికి వీలుగా ఒక సైజు పెద్దది కొనే మన ఇళ్ల అలవాటు చొక్కాల విషయంలో మెచ్చదగినదే. హెల్మెట్‌కు మాత్రం అది పనికిరాదు.

ఇంకొక విషయం మెడకు సంబంధించినది. బెల్టులు శరీరాన్ని ఆపుతాయి గాని తలను ఆపవు. ఈ లోపాన్ని తీర్చడానికి అమెరికన్ ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్ 1980లలో హాన్స్ అనే సాధనాన్ని రూపొందించాడు. భుజాలపై ఉండే దాని పట్టెడకు హెల్మెట్‌ను చిన్న పట్టీలతో కలుపుతారు. ఇటీవలి ఎస్.ఎ. హెల్మెట్లలో వాటికి కావలసిన మరల స్థానాలు ముందే ఏర్పాటై ఉంటాయి. మామూలు హెల్మెట్‌కు ఇంటివద్ద రంధ్రాలు వేసి వీటిని బిగించడం చిప్పను బలహీనపరచడమే అవుతుంది. పెయింట్లలోను, పెట్రోలులోను ఉండే ద్రావకాలు కూడా కొన్ని చిప్పలకు హాని చేస్తాయి. కడగడానికి గోరువెచ్చని నీరు, తేలికైన సబ్బు చాలు. వాడుక మొదలుపెట్టిన ఐదేళ్లకు మార్చివేయాలని స్నెల్ సంస్థ సలహా.

పందెపు హెల్మెట్ ధర రోడ్డు హెల్మెట్ ధరకు ఎన్నో రెట్లు. విద్యార్థికి అది చిన్న భారం కాదు. కాబట్టి డబ్బు చెల్లించకముందే ఆ పందెపు నిర్వాహకుల నియమావళిని తెప్పించుకొని, ఏ ప్రమాణం, ఏ సంవత్సరపు ముద్ర అంగీకరిస్తారో చూసుకొనాలి. పందెం ముందు జరిగే తనిఖీలో కారుతోపాటు హెల్మెట్‌ను కూడా చూపించవలసి ఉంటుంది. పరిశీలకుడు పైనున్న రంగులను చూడడు. లోపలి మెత్తను పక్కకు తొలగించి, దాని కింద అతికించిన చిన్న లేబుల్‌ను చదువుతాడు.