బండి మలుపులో బయటికి పోతోందా? ముందు సాగ్ కొలవండి

పోయిన నెల నాన్నని వెనక కూర్చోబెట్టుకుని నా ఎలక్ట్రిక్ బైక్ మీద కార్ఖానా నుంచి వస్తున్నా. తిరుమలగిరి క్రాస్‌రోడ్స్‌లో లెఫ్ట్ తిప్పితే బండి నేననుకున్నట్టు తిరగలేదు, బయటికి పోయింది. కుడిపక్కనే బస్సు! ఏం కాలేదు. కానీ నాన్న ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

బండినే తిట్టుకున్నా. తప్పు నాది. ఫోన్ కొన్న రోజే సెట్టింగ్స్ అన్నీ మార్చేస్తాం కదా, బండి సస్పెన్షన్ మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

లెక్క చూడండి. రివోల్ట్ ఆర్‌వీ400 లాంటి ఎలక్ట్రిక్ బైక్ బరువు 108 కిలోలు. నేను 72, నాన్న 68. అంటే 140. బండి కంటే మనుషులే బరువు! ఆ బరువుకి వెనక భాగం కుంగుతుంది, ముందు భాగం లేస్తుంది. అప్పుడు హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్ చెట్ల మీద పడుతోందంటే అదే గుర్తు.

ఇప్పుడు సాగ్ కొలుద్దాం. ముందు టైర్లలో గాలి చూసుకోండి. వెనక చక్రం గాల్లో ఉండేలా బండి నిలబెట్టి, యాక్సిల్ నుంచి దానికి నేరుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత చక్రం నేలమీద పెట్టి, మీరు ఎక్కి కూర్చోండి, ఫ్రెండ్‌తో మళ్లీ కొలిపించండి. ఆ తేడానే సాగ్. చక్రం మొత్తం కదలిక 120 మిల్లీమీటర్లైతే సాగ్ అందులో మూడో వంతు, అంటే 40 దగ్గర ఉండాలి. నాకు ఒక్కడికే 36. నాన్న ఎక్కితే 60! గుంత రాకముందే సగం అయిపోయింది. సీ స్పానర్‌తో ప్రీలోడ్ మూడు మెట్లు పెంచితే 45కి వచ్చింది.

ఒక అపోహ: ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. స్ప్రింగ్ అదే. మీరు కూర్చున్నాక బండి ఏ ఎత్తులో నిలబడుతుందో అదొక్కటే మారుతుంది. అందుకే నాన్న దిగాక మళ్లీ తగ్గించాలి. లేదంటే ఒక్కరే వెళ్లేటప్పుడు వెనక చక్రం గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది.

ఎలక్ట్రిక్‌లో ఇంకోటుంది, రీజెన్. థ్రాటిల్ వదలగానే మోటారే బ్రేక్‌లా పనిచేస్తుంది. బరువు ముందుకొస్తుంది, ఫోర్క్ కుంగుతుంది. కానీ బ్యాటరీ ఫుల్‌గా ఉంటే కొత్త కరెంట్ పట్టదు కాబట్టి రీజెన్ తగ్గుతుంది. అందుకే రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే తీస్తే అదే బండి వేరేలా అనిపించొచ్చు. నిన్న థ్రాటిల్ వదిలితే ఆగింది కదా అని ఇవాళ నమ్ముకోకండి, బ్రేక్ మీద వేళ్లుంచండి. వానలో అయితే మీ బండిలో సెట్టింగ్ ఉంటే రీజెన్ తగ్గించుకోండి. మలుపు మధ్యలో ఒక్కసారిగా థ్రాటిల్ వదిలితే తడి రోడ్డు మీద వెనక చక్రం జారొచ్చు.

ఖర్చు ఒక టేపు, పావుగంట టైమ్. నిన్న అదే క్రాస్‌రోడ్స్‌లో అదే మలుపు తిప్పా, నాన్నతోనే. బండి లైన్‌లోనే తిరిగింది. ఈసారి నాన్న దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.