స్టీల్ - రాబ్: ఏది పోయింది? ఎవరిది పోయింది?

స్టీల్ అన్నా, రాబ్ అన్నా నిఘంటువులో కనిపించేవి దొంగిలించు, దోచుకొను అనే అర్థాలే. కాని అర్థం తెలిసినంత మాత్రాన వాక్యం కుదరదు. ఈ వాక్యం చూడండి:

సమ్‌బడీ రాబ్డ్ మై పర్స్.

మనలో చాలామంది ఇలాగే అంటారు. ఇది తప్పు. కారణం తెలుగులోనే ఉంది. మనం 'నగలు దోచుకున్నారు' అంటాం, 'బ్యాంకును దోచుకున్నారు' అని కూడా అంటాం. ఒకే క్రియ రెండింటికీ సరిపోతుంది. ఇంగ్లిషులో అలా కాదు. స్టీల్‌కు పోయిన వస్తువు కర్మ అవుతుంది. రాబ్‌కు ఆ వస్తువు పోగొట్టుకున్న మనిషిగాని, బ్యాంకు, దుకాణం వంటి చోటుగాని కర్మ అవుతుంది.

సమ్‌బడీ స్టోల్ మై పర్స్.
దే రాబ్డ్ ద బ్యాంక్.

వస్తువునూ, మనిషినీ ఒకే వాక్యంలో చెప్పాలంటే ప్రిపొజిషన్ మారుతుంది, గమనించండి:

దే స్టోల్ మనీ ఫ్రమ్ హిమ్.
దే రాబ్డ్ హిమ్ ఆఫ్ హిజ్ మనీ.

కర్మణి వాక్యంలో మరింత జాగ్రత్త అవసరం. 'ఐ వాజ్ రాబ్డ్' సరైనదే. 'ఐ వాజ్ స్టోలెన్' అంటే మాత్రం మిమ్మల్నే ఎవరో ఎత్తుకుపోయారని అర్థం!

ఇంకో తేడా ఉంది. ఇది పోలీసు ఫిర్యాదు రాసేటప్పుడు ముఖ్యం. రైల్లో మీరు నిద్రపోతుండగా బ్యాగు పోతే అది స్టీల్. కత్తి చూపించి లాక్కుంటే రాబ్. మాటల్లో ఇంగ్లిషువారు కూడా ఈ తేడాను ఒక్కోసారి పట్టించుకోరు, చట్టం మాత్రం పట్టించుకుంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో థెఫ్ట్ 303వ సెక్షన్ కిందికి, రాబరీ 309వ సెక్షన్ కిందికి వస్తాయి. బలప్రయోగమో, ప్రాణభయమో, గాయపరుస్తామన్న బెదిరింపో ఉంటేనే దొంగతనం రాబరీ అవుతుంది. అలా దోచుకున్నవారు ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది అయితే అది డెకాయిటీ. ఆ మాట ఇంగ్లిషుకు మన హిందీ 'డకైత్' నుంచే వెళ్లింది.

రూపాలు: స్టీల్, స్టోల్, స్టోలెన్, రాబ్, రాబ్డ్, రాబ్డ్. ఉచ్చారణలో ఈ స్టీల్‌కూ విశాఖ ఉక్కు స్టీల్‌కూ తేడా లేదు, స్పెల్లింగే వేరు.

ఇప్పుడు 'గుడిలో హుండీ దోచుకున్నారు' అనే వాక్యాన్ని ఇంగ్లిషులో చెప్పి చూడండి. హుండీనే మోసుకుపోతే 'దే స్టోల్ ద హుండీ'. హుండీ అక్కడే ఉండి, డబ్బు మాత్రమే పోతే 'దే స్టోల్ ద మనీ ఫ్రమ్ ద హుండీ'. కాపలాదారును కట్టిపడేసి గుడిని దోచుకుంటే 'దే రాబ్డ్ ద టెంపుల్'.